సముద్రం అడుగున భూకంపం, ఒడ్డున సునామీ: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలోనో అంతర్వేదిలోనో సముద్రం కాస్త వెనక్కి జరిగిందంటే చాలు, ఆ రోజంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "సునామీ వస్తుందా అండీ?" అని. ఏటా డిసెంబర్ 26, అంటే 2004లో సునామీ వచ్చిన రోజు, దగ్గర పడుతుంటే మళ్లీ ఇవే సందేహాలు. తీర గ్రామాల స్కూళ్లలో పిల్లలు అడిగినవి, వలలు బాగుచేసుకుంటూ పెద్దవాళ్లు అడిగినవి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల గురించి టెన్షన్ పడుతూ హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ అడిగినవి, అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అదొక్కటే చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా 2004 నాటివి. మన తీరం కళ్లారా చూసిన సునామీ అదే.

## అసలు ఏం జరుగుతుంది

సునామీ అంటే పెద్ద అలే కదా? మామూలు అలకీ దానికీ తేడా ఏంటి?

మామూలు అలను గాలి లేపుతుంది. పైనున్న నీళ్లే కదులుతాయి, కాస్త లోతుకు వెళితే ఆ కదలిక తెలియదు. ఒక అల విరిగి వెనక్కి పోయిన పది, పదిహేను సెకన్లకు ఇంకోటి వస్తుంది. సునామీలో అడుగు నుంచి పైదాకా ఉన్న నీళ్లన్నీ కదులుతాయి. ఒక అలకీ మరో అలకీ మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా పట్టవచ్చు. అందుకే అది ఒడ్డున విరిగి వెనక్కి పోదు. నిమిషాల తరబడి లోపలికి వస్తూనే ఉంటుంది. జపాన్ భాషలో 'సు' అంటే రేవు, 'నామి' అంటే అల. నడిసముద్రంలో వేట చేసుకుని ఇంటికొచ్చిన జాలర్లకు దారిలో ఏమీ కనపడలేదు, తిరిగొచ్చేసరికి రేవు మాత్రం లేదు. ఆ పేరు అలా పుట్టిందంటారు.

భూమి కదిలితే నీళ్లు ఎందుకు లేస్తాయి?

పిల్లలకు నేను ప్లాస్టిక్ స్కేలుతో చూపిస్తాను. స్కేలు ఒక కొసను బల్లకేసి గట్టిగా అదిమి, రెండో కొసను వేలితో నెమ్మదిగా కిందికి వంచండి. వంగినంతసేపూ ఏమీ జరగదు. వేలు జారగానే టప్పున పైకి లేస్తుంది. ఆ కొసమీద ముందే నాలుగు చుక్కల నీళ్లు పోసి ఉంటే అవి ఎగిరి మొహాన పడతాయి.

సముద్రం అడుగున జరిగేదీ ఇదే. భూమి పైపొర పెద్దపెద్ద పలకలుగా ఉంటుంది. సుమత్రా, అండమాన్ దీవుల పక్కన మన వైపు పలక ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున అవతలి పలక కిందికి దూరుతోంది. అంటే మన గోళ్లు పెరిగేంత వేగం. రెండూ రాసుకునే చోట నున్నగా జారితే గొడవే లేదు. కానీ అతుక్కుపోతాయి. కిందిది దిగుతూ పైదాని అంచును కూడా తనతో లాక్కుపోతుంది. పై పలక వందల ఏళ్లు స్కేలులా వంగుతూ ఉంటుంది. ఒకరోజు పట్టు తప్పుతుంది, అంచు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దానిమీద కిలోమీటర్ల లోతున ఉన్న నీళ్లు పక్కకు తప్పుకునే వ్యవధి ఉండదు. నేలతోపాటే అవీ లేస్తాయి. సముద్రం పైన అలా ఏర్పడిన గుట్ట కిందికి దిగే ప్రయత్నంలో రెండువైపులా పరుగు తీస్తుంది. అదే సునామీ.

నేల ఊగిపోవడం వల్ల సునామీ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఊగడం కాదు, అడుగు నేల శాశ్వతంగా కొన్ని మీటర్లు పైకో కిందికో జరిగిపోవడమే అసలు కారణం.

2004లో సరిగ్గా ఏం జరిగింది?

ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. మన టైం ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా వాయవ్య తీరం దగ్గర, భూమిలో సుమారు 30 కిలోమీటర్ల లోతున పగులు మొదలైంది. అక్కడితో ఆగలేదు. చీర అంచు పట్టి చింపినట్టు ఉత్తరం వైపు చిరుగుతూ నికోబార్, అండమాన్ దీవుల దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు పాకింది. దానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టింది. తీవ్రత 9.1. కొన్ని చోట్ల పలకలు 15 మీటర్లకు పైగా జరిగాయి. భారతదేశపు దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లిపోయింది.

విశాఖలో, చెన్నైలో చాలామందికి ఆ ఉదయం మంచం ఊగినట్టు అనిపించింది. లేచి, కాసేపు మాట్లాడుకుని, కాఫీ తాగారు. దాదాపు రెండున్నర గంటల తర్వాత, తొమ్మిది ప్రాంతంలో, అల మన తీరాన్ని తాకింది. మచిలీపట్నం పక్కన మంగినపూడి బీచ్‌లో పౌర్ణమి స్నానాలకు వచ్చినవాళ్లు అప్పుడు నీళ్లలోనే ఉన్నారు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా, నాగపట్నం జిల్లాలో 6,000 మందికి పైగా చనిపోయారు. అన్ని దేశాల్లో కలిపి దాదాపు 2,30,000 మంది. ఆ రెండున్నర గంటల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. టైం ఉంది. చెప్పేవాళ్లు లేరు.

6 తీవ్రతకీ 9 తీవ్రతకీ మూడంకెలే కదా తేడా?

ఒక్కో అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. మూడు అంకెలంటే 32,000 రెట్లు. 6 తీవ్రత భూకంపం ఊళ్లో గోడలు బీటలు తీయించగలదు గానీ, సముద్రాన్ని లేపే బలం దానికి ఉండదు.

సముద్రంలో భూకంపం వచ్చిన ప్రతిసారీ సునామీ వస్తుందా?

రాదు. మూడు కలిసిరావాలి. తీవ్రత బాగా ఎక్కువగా ఉండాలి, భూమిలో మరీ లోతున కాకుండా పైపొరలో జరగాలి, అడుగు నేల పైకీ కిందికీ కదలాలి. మూడోది చాలా ముఖ్యం. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెన్నైలో జనం ఆఫీసుల్లోంచి రోడ్లమీదికి పరుగెత్తారు. కానీ అక్కడ పలకలు పక్కపక్కకు జరిగాయి, నేల పెద్దగా లేవలేదు. అందుకే చిన్న అలలతో సరిపోయింది. 2025 మార్చి 28న మయన్మార్‌ను కుదిపేసిన 7.7 భూకంపం భూమ్మీదే, పక్కకు జరిగిన పగులు వల్ల వచ్చింది. దానికి సునామీ ప్రశ్నే లేదు.

భూకంపం లేకుండా సునామీ రాదా?

వస్తుంది, అరుదుగా. 2018 డిసెంబర్ 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంలో పడింది. సుందా జలసంధి ఒడ్డున 400 మందికి పైగా చనిపోయారు. నేల కదల్లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అలాస్కాలోని లిటుయా బేలో 1958లో కొండచరియ నీళ్లలో పడితే ఎదురుగా ఉన్న కొండమీద 524 మీటర్ల ఎత్తు దాకా చెట్లు తుడిచిపెట్టుకుపోయాయి.

మా తాతగారు చెప్పే ఉప్పెనా, ఈ సునామీ ఒకటేనా?

కాదు. మన జిల్లాల్లో ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఉప్పెన తుఫానుతో వస్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది ఉప్పెన. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోస్తుంది, నీళ్లు గుట్టగా పోగై ఊళ్లమీద పడతాయి. ముందు మబ్బు, వాన, గాలి ఉంటాయి. తుఫాను ఎటు కదులుతోందో వాతావరణ శాఖ ఇప్పుడు రోజుల ముందే చెబుతోంది. సునామీకి వాతావరణంతో పని లేదు. ఎండ కాస్తుంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, గాలి కూడా ఉండదు. 2004 డిసెంబర్ 26 ఉదయం అలాంటిదే. తుఫాను చూసిన కళ్లు దాన్ని గుర్తుపట్టలేకపోయాయి.

## అల ఎలా ప్రయాణిస్తుంది

సునామీ ఎంత వేగంగా వస్తుంది?

నీటి లోతును బట్టి. 4,000 మీటర్ల లోతున్న చోట గంటకు 700 కిలోమీటర్లకు పైగా, అంటే దాదాపు విమానం వేగంతో పోతుంది. లోతు తగ్గేకొద్దీ వేగమూ తగ్గుతుంది. ఒడ్డు దగ్గర 10 మీటర్ల లోతులో గంటకు 36 కిలోమీటర్లు. అదైనా మనిషి పరుగుకంటే ఎక్కువే. 1960లో చిలీలో 9.5 తీవ్రతతో వచ్చిన భూకంపం లేపిన అల పసిఫిక్ మొత్తం దాటి, ఒక రోజు కూడా గడవకముందే జపాన్‌లో మనుషుల్ని చంపింది.

నడిసముద్రంలో బోట్లకు తెలియదంటారు. నిజమేనా?

నిజమే. 2004లో భూకంపం వచ్చిన రెండు గంటలకు ఒక ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ సముద్రమట్టాన్ని కొలిచింది. అల ఎత్తు 60 సెంటీమీటర్లు ఉంది, అంతే. ఆ 60 సెంటీమీటర్లు వందల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంటాయి. బోటు నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగుతుంది. వేటలో ఉన్నవాళ్లు గమనించే అవకాశం లేదు.

మరి ఒడ్డుకు వచ్చేసరికి అంత ఎత్తు ఎలా పెరుగుతుంది?

లోతు తగ్గిన చోట అల ముందుభాగం నెమ్మదిస్తుంది. వెనక భాగం ఇంకా లోతైన నీళ్లలోనే ఉంది కాబట్టి వేగంగా వస్తూ ఉంటుంది. టోల్‌గేట్ దగ్గర బండ్లు పేరుకున్నట్టు నీళ్లు పేరుకుంటాయి. పక్కకు పోయే చోటు లేక పైకి లేస్తాయి. సన్నగా ఇరుకయ్యే అఖాతాల్లో, మొగల్లో ఇంకా పెరుగుతాయి.

సముద్రం వెనక్కి వెళితే సునామీ వస్తున్నట్టేనా?

వెళ్లిన ప్రతిసారీ కాదు. అలాగే, ప్రతి సునామీకీ ముందు సముద్రం వెనక్కి వెళ్లదు. ఈ రెండూ విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి.

అలకు శిఖరం ఉన్నట్టే పల్లం కూడా ఉంటుంది. పలక అంచు పైకి లేచినప్పుడు దాని వెనక భాగం కుంగుతుంది. కుంగిన వైపు తీరానికి ముందు పల్లం చేరుతుంది. సముద్రం ఎవరో పీల్చేసినట్టు ఖాళీ అవుతుంది. 2004లో థాయ్‌లాండ్ అటువైపు ఉంది. అక్కడ బీచ్‌లో చేపలు ఎగిరెగిరి పడుతుంటే పిల్లలు ఏరుకోవడానికి పరుగెత్తారు. ఫుకెట్‌లో పదేళ్ల బ్రిటిష్ అమ్మాయి ఒకతె, స్కూల్లో భూగోళ పాఠంలో చదివింది గుర్తొచ్చి, నీళ్లు నురగలు కక్కడం చూసి గోల చేసింది. ఆ బీచ్ ఖాళీ చేయించారు. పైకి లేచిన వైపు మనం, శ్రీలంక ఉన్నాం. మనవైపు ముందు వచ్చింది పొంగే. ఆ మొదటి అల తర్వాతే సముద్రం లోపలికి లాక్కుపోయింది. కాబట్టి "నీళ్లు వెనక్కి పోలేదు కదా" అని ధైర్యంగా నిలబడటం మన తీరంలో ప్రాణాంతకం.

ఇక విశాఖలో, అంతర్వేదిలో అప్పుడప్పుడూ కనిపించే వెనక్కి పోవడాలు చాలావరకు ఆటుపోట్ల వల్ల, గాలి మార్పుల వల్ల, ఇసుక కోత వల్ల గంటల మీద, రోజుల మీద జరిగేవి. సునామీ ముందు వెనక్కి పోవడం నిమిషాల్లో, కళ్లముందే, మీరు ఎన్నడూ చూడని రాళ్లు బయటపడేంతగా జరుగుతుంది. అలాంటిది చూస్తే వీడియో తీయకండి. వెనక్కి తిరిగి పరుగెత్తండి.

మొదటి అల వెళ్లిపోయింది. ఇక భయం లేనట్టేనా?

ఉంది. తర్వాతి అల చాలాసార్లు మొదటిదానికంటే పెద్దది. 2004లో శ్రీలంకలో పెరాలియా దగ్గర మొదటి నీళ్లు రాగానే ఒక ప్యాసింజర్ రైలు ఆగింది. పెట్టెలు గట్టివి కదా అని చుట్టుపక్కల ఊరివాళ్లు కూడా ఎక్కారు. కాసేపటికి వచ్చిన పెద్ద అల పెట్టెల్ని పట్టాల మీంచి దొర్లించేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. అలలు గంటల తరబడి వస్తూ పోతూ ఉంటాయి.

ఒక ఊరు తుడిచిపెట్టుకుపోయి, పక్క ఊరు మిగలడం ఎలా?

2004 పగులు ఉత్తర దక్షిణాలుగా ఉంది. అల బలమంతా దానికి అడ్డంగా, తూర్పు పడమరలకు పోయింది. అందుకే దూరంగా ఉన్న శ్రీలంక, తమిళనాడు దెబ్బతిన్నంతగా బంగ్లాదేశ్ దెబ్బతినలేదు. దెబ్బ విషయంలో ఆంధ్ర తీరం ఈ రెంటికీ మధ్యలో నిలిచింది. ఒక జిల్లాలోనే తేడాలు మాత్రం అడుగున లోతు, ఒడ్డు వంపు, ఇసుక దిబ్బల వల్ల వస్తాయి. దిబ్బలు, మడ అడవులు, సరుగుడు తోటలు నీటి ఉరవడిని కొంత తగ్గిస్తాయి. దిబ్బ తవ్వి ఇసుక అమ్ముకున్న ఊరు తన గోడను తానే పడగొట్టుకున్నట్టు. అయితే పది మీటర్ల అలను ఏ తోటా ఆపలేదు.

## ముందే చెప్పగలరా

భూకంపం ఎప్పుడు వస్తుందో శాస్త్రవేత్తలు చెప్పగలరా?

చెప్పలేరు. ఏ తేదీన, ఏ చోట, ఎంత తీవ్రతతో అని మూడూ కలిపి చెప్పగలిగినవాళ్లు ఇప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ లేరు. ప్రయత్నించలేదని కాదు. చైనాలో 1975 ఫిబ్రవరిలో హైచెంగ్ ఊరిని, చిన్నచిన్న ప్రకంపనలు వరసగా రావడం చూసి ఖాళీ చేయించారు, నిజంగానే పెద్దది వచ్చింది. లోకమంతా ఆశపడింది. మరుసటి ఏడాది జులైలో తాంగ్‌షాన్‌ను అలాంటి ఏ సూచనా లేకుండా భూకంపం కూల్చేసింది, రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ అనే చోట దాదాపు 22 ఏళ్లకోసారి ఒకే రకం భూకంపం వస్తోందని లెక్కకట్టి, 1993లోగా తప్పక వస్తుందని చుట్టూ పరికరాలు పాతారు. వచ్చింది, 2004లో.

చిక్కు ఎక్కడంటే, పెద్ద భూకంపం మొదలైన తీరు చిన్నదాని తీరులాగే ఉంటుంది. పగులు మొదలయ్యాక కొంతదూరం పోయి ఆగుతుందా, వెయ్యి కిలోమీటర్లు పోతుందా అన్నది అది పోయాకే తెలుస్తుంది. జపాన్‌లో 2011 మార్చి 9న 7కు పైన తీవ్రతతో ఒక భూకంపం వచ్చింది. అందరూ అదే ప్రధాన భూకంపం అనుకున్నారు. అది వట్టి ముందుమాట అని మార్చి 11న, 9 తీవ్రతతో అసలుది వచ్చాకే అర్థమైంది.

మరి "ముప్పై ఏళ్లలో ఇంత శాతం అవకాశం" అంటుంటారే, అది జోస్యం కాదా?

కాదు, అది అంచనా. జపాన్ దక్షిణాన నంకాయ్ కందకం దగ్గర రాబోయే 30 ఏళ్లలో పెద్ద భూకంపానికి సుమారు 80 శాతం అవకాశం ఉందని అక్కడి ప్రభుత్వ నిపుణులు 2025 మొదట్లో చెప్పారు. ఏ గోడ ఎంత ఎత్తు కట్టాలి, ఆసుపత్రి ఎక్కడ పెట్టాలి అన్న నిర్ణయాలకు ఇది పనికొస్తుంది. రేపు పెళ్లికి ముహూర్తం పెట్టుకోవచ్చా అని అడిగితే దీని దగ్గర జవాబు లేదు.

పౌర్ణమి, అమావాస్య, గ్రహణాలతో సంబంధం ఉందా?

2004లో పౌర్ణమి కావడంతో ఈ నమ్మకం మనలో బలపడింది. చంద్రుడి ఆకర్షణ సముద్రాన్నే కాదు, భూమి పొరను కూడా కొద్దిగా లాగుతుంది. కానీ పలకల మధ్య వందల ఏళ్లుగా పోగైన ఒత్తిడి ముందు అది చాలా తక్కువ. ఏటా పన్నెండో పదమూడో పౌర్ణములు వస్తాయి. అన్నీ అలాగే వెళ్లిపోతున్నాయి. 2011 మార్చి 11 పౌర్ణమీ కాదు, అమావాస్యా కాదు.

జంతువులకు ముందే తెలుస్తుందట కదా?

భూకంపంలో మొదట చేరే సన్నని ప్రకంపనను మనకంటే కొన్ని సెకన్ల ముందు కుక్కలు, పశువులు పసిగట్టవచ్చు. అంటే భూకంపం అప్పటికే మొదలైపోయింది. రోజుల ముందు తెలుస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. కుక్క మొరిగిన రోజులన్నీ మరిచిపోయి, భూకంపం వచ్చిన రోజు మొరిగింది మాత్రం గుర్తుపెట్టుకోవడం మన అలవాటు.

ఫలానా తేదీన సునామీ అని వాట్సాప్‌లో వచ్చింది. నమ్మవచ్చా?

ముందుగా తేదీ చెప్పారంటేనే అది అబద్ధమని తీసుకోండి. 2004 డిసెంబర్ 30న, శవాలు ఇంకా తీస్తుండగానే, మరో సునామీ వస్తోందని హెచ్చరిక వెలువడింది. గుడారాల్లో ఉన్న జనం మళ్లీ పిల్లల్ని చంకనెత్తుకుని పరుగెత్తారు. ఏమీ రాలేదు. 2025 జులై 5న జపాన్‌కు మహావిపత్తు అని నెలల తరబడి ప్రచారం జరిగితే భయపడి ప్రయాణాలు మానుకున్నవాళ్లున్నారు. ఆ రోజు ఏమీ జరగలేదు.

భూకంపాన్నే చెప్పలేనప్పుడు సునామీని ఎలా చెబుతారు?

ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న. భూకంపం వచ్చేదాకా ఎవరూ ఏమీ చెప్పలేరు. వచ్చిన క్షణం నుంచి మాత్రం చెప్పగలరు. భూకంప తరంగాలు రాతిలో సెకనుకు కిలోమీటర్ల చొప్పున పోతాయి, నిమిషాల్లోనే దూరాన ఉన్న పరికరాలకు అందుతాయి. సునామీ నీళ్లలో రావాలి, దానికి గంటలు పడుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న వ్యవధే మన ఆస్తి. అందుకే శాస్త్రవేత్తలు సునామీని 'ముందే ఊహించడం' అనరు, 'హెచ్చరించడం' అంటారు.

## హెచ్చరిక ఎలా వస్తుంది

మనకు సునామీ హెచ్చరిక ఎవరిస్తారు?

సముద్రం లేని హైదరాబాద్ నుంచి వస్తుంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) ఆవరణలో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్ నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో 6.5 దాటిన భూకంపం వస్తే పది నిమిషాలు తిరక్కుండా మొదటి సమాచారం ఇవ్వడం వాళ్ల లక్ష్యం. అప్పటికప్పుడు లెక్కలు కట్టే టైం ఉండదు కాబట్టి, ఎక్కడ ఎంత తీవ్రతతో వస్తే ఏ తీరానికి ఎప్పుడు ఎంత ఎత్తు చేరుతుందో వేల సందర్భాలకు ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు. దగ్గరగా సరిపోయేదాన్ని వెంటనే తీసి చూస్తారు. ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్రపు ఇతర దేశాలకూ ఇక్కడి నుంచే సమాచారం పోతుంది.

సముద్రం అడుగున ఏవో పరికరాలు పెట్టారట. అవేం చేస్తాయి?

కిలోమీటర్ల లోతున, చీకట్లో, అడుగు నేలమీద ఒక పెట్టె కూర్చుని ఉంటుంది. తన నెత్తిన ఉన్న నీటి బరువును కొలుస్తూ ఉండటమే దాని పని. పైన గాలి అలలు ఎంత ఎగిరినా దానికి అందవు. కానీ సునామీ అడుగు నుంచి పైదాకా వచ్చే కదలిక కాబట్టి, మట్టం ఒక్క సెంటీమీటర్ పెరిగినా బరువు తేడా తెలిసిపోతుంది. ఆ సంగతిని అది శబ్ద సంకేతంగా పైన తేలుతున్న బోయాకు, బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం కేంద్రానికి చేరవేస్తాయి. సునామీ నిజంగా పుట్టిందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఒక్క మాట వేటకు వెళ్లే అన్నలకు. ఆ బోయా చుట్టూ చేపలు చేరతాయని బోటు కట్టేయకండి, దాని భాగాలు విప్పకండి. అది మూగబోతే ఒడ్డున మీ ఇంటివాళ్లకు అందాల్సిన కబురే ఆగిపోతుంది.

వార్నింగ్, అలర్ట్, వాచ్... ఈ మూడింటికీ తేడా ఏంటి?

వార్నింగ్ అంటే తీరం ఖాళీ చేయాలి. అలర్ట్ అంటే బీచ్‌కు, నీళ్లకు దూరంగా ఉండాలి, ఊరు ఖాళీ చేయనక్కర్లేదు. వాచ్ అంటే పరిస్థితిని గమనిస్తున్నారు, మీరు కూడా కబురు వింటూ ఉండండి. ముప్పు తప్పాక అదీ ప్రకటిస్తారు.

హెచ్చరిక ఇచ్చారు, ఏమీ రాలేదు. ఉత్తినే భయపెట్టారా?

కొన్ని నిమిషాల సమాచారంతో లక్షలమంది ప్రాణాల గురించి నిర్ణయం తీసుకోవాలి. తప్పితే జాగ్రత్త వైపే తప్పాలి. 2025 జులై 30న రష్యాలోని కమ్చాత్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వస్తే జపాన్, హవాయి తీరాల్లో జనాన్ని ఎత్తైన చోట్లకు పంపారు. అక్కడ భయపడినంత అల రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చినవాళ్లకు ఒక పూట పోయింది. అంతకంటే చవగ్గా ఏ ప్రాణమూ రాదు.

జపాన్‌లో అంత టెక్నాలజీ ఉండీ 2011లో అంతమంది ఎలా పోయారు?

మూడు నిమిషాల్లో హెచ్చరిక ఇచ్చారు. కానీ పగులు ఇంకా పాకుతుండగానే కట్టిన లెక్క కాబట్టి తీవ్రత 7.9 అని వచ్చింది, కొన్నిచోట్ల అల 3 మీటర్లే అన్నారు. మా ఊరి గోడ అంతకంటే ఎత్తుందిలే అని కొందరు ఆగిపోయారు. తర్వాత అంచనా పెంచారు, అప్పటికి కరెంటు పోయి ఆ కబురు అందనివాళ్లున్నారు. కొన్నిచోట్ల నీళ్లు 40 మీటర్ల ఎత్తు దాకా ఎక్కాయి. చనిపోయిన, గల్లంతైనవాళ్లు 18,000 మందికి పైగా. అయినా హెచ్చరిక, స్కూలు రోజుల నుంచి చేసిన అలవాటు లేకపోతే ఆ సంఖ్య ఇంకెన్ని రెట్లు ఉండేదో.

## మనం చేయాల్సింది

మన తీరానికి ఎంత టైం ఉంటుంది?

సుమత్రా, అండమాన్ వైపు నుంచి వస్తే ఆంధ్ర తీరానికి సుమారు రెండు, రెండున్నర గంటలు. నికోబార్‌లో ఉన్నవాళ్లకు నిమిషాలే. వాళ్లకు ఏ మెసేజ్ కోసమూ ఎదురుచూసే వీలు లేదు, నేల కదలడమే వాళ్లకు సైరన్. మన ఒడ్డుకు ఆనుకుని అలా ఒకదాని కిందికి ఒకటి దూరే పలకలు లేవు. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపాలు వేరే రకం, వాటితో సునామీ రాలేదు.

బీచ్‌లో ఉండగా నేల ఊగింది. ఏం చేయాలి?

ఊగడం ఆగేదాకా తల కాపాడుకోండి. అరనిమిషం దాటి ఊగినా, నిలబడలేనంత గట్టిగా ఊగినా, ఆగీ ఆగగానే లోపలికి నడవండి. చిన్నగా, తల తిరిగినట్టు చాలాసేపు ఊగిందా? దూరంగా పెద్ద భూకంపం వచ్చి ఉండవచ్చు. 2004లో మన తీరానికి తెలిసింది అలాగే. బీచ్ వదిలి వచ్చి టీవీ, ఫోన్ చూడండి. ప్రభుత్వ హెచ్చరికలు వచ్చే సచేత్ యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే మంచిది.

ఖాళీ చేయమన్నారు. ఎటు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

దూరం కంటే ఎత్తు ముఖ్యం. ఊళ్లో తుఫాను షెల్టర్ ఉంటే దాని పైఅంతస్తు, లేకపోతే గట్టి కాంక్రీటు మేడ మూడో అంతస్తు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నేల చదునుగా ఉంటుంది, కొండలు లేవు, కాబట్టి ఆ మేడ ఏదో ఈరోజే చూసిపెట్టుకోవాలి. కాలువ గట్ల వెంట, మొగ వైపు వెళ్లకండి, సునామీ నదిలోంచి కూడా లోపలికి వస్తుంది. కారు తీస్తే దారి మూసుకుపోతుంది, నడవగలిగితే నడవండి. మందులు, ఫోన్, మంచినీళ్లు, ఆధార్, బ్యాంకు కాగితాలు ఉన్న సంచి చాలు. గొడ్ల కట్లు విప్పేయండి. ముసలివాళ్లను ఎవరు ఎత్తుకెళ్లాలో ముందే అనుకోండి, ఆ క్షణంలో అనుకోలేరు.

బోటు కోసం ఒడ్డుకు వెళ్లవచ్చా?

వద్దు. బోటు, వలలు బతుకుతెరువని తెలుసు, అప్పు చేసి కొన్నవని తెలుసు. అయినా వద్దు. అప్పటికే లోతైన నీళ్లలో ఉన్న బోటు అక్కడే ఉండాలి. ముప్పు తప్పిందని ఒడ్డు నుంచి చెప్పేదాకా రేవుకు రాకూడదు.

ఏ పరికరమూ లేని రోజుల్లో, చదువు లేనివాళ్లు ఎలా బతికారు?

సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది, 2004 భూకంపానికి చాలా దగ్గర. జనాభా 78,000 దాకా. పది నిమిషాల లోపే అల వచ్చింది. ఏ సైరనూ లేదు. చనిపోయింది ఏడుగురు. 1907లో అక్కడ వచ్చిన సునామీలో ఎంతోమంది పోయారు. మిగిలినవాళ్లు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి, పాటల్లో, జోలల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు: నేల గట్టిగా కదిలి, సముద్రం వెనక్కి పోతే కొండెక్కు. దాదాపు వందేళ్లు, మూడు నాలుగు తరాలు, ఆ మాట చెడిపోకుండా నడిచింది. ఆ ఉదయం ఎవరో "స్మోంగ్!" అని అరిచారు, ఊళ్లకు ఊళ్లు కొండెక్కాయి. మన దగ్గర ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నోలియాసాహి ఊళ్లు 2020లో యునెస్కో నుంచి 'సునామీకి సిద్ధం' అన్న గుర్తింపు పొందాయి. దారి బోర్డులు, ఊరి మ్యాపు, డ్రిల్లు అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. మా పిల్లలు డ్రిల్ అంటే మొదట నవ్వుతారు. రెండోసారి ఎవరు ముందు మేడెక్కుతారో పందెం వేసుకుంటారు. నాకు అది చాలు.

ఇంటికి ఎప్పుడు తిరిగి వెళ్లవచ్చు?

ముప్పు తప్పిందని అధికారులు ప్రకటించాకే. నీళ్లు తీశాయి కదా అని కాదు. వెళ్లాక తెగిన కరెంటు తీగల్ని ముట్టుకోకండి, తడిసిన స్విచ్చులు వేయకండి. బావి నీళ్లు తాగకండి, ఉప్పు, మురుగు కలిసి ఉంటాయి. 2004 తర్వాత తీర గ్రామాల్లో చాలా బావులు తోడించి శుభ్రం చేస్తే గానీ వాడకానికి రాలేదు. ఉప్పు దిగిన చేను మళ్లీ పండాలంటే మంచినీటితోనో వాన నీటితోనో ఆ ఉప్పు కడగాలి. విత్తనం వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి.